గవర్నరు లింకుకు వేసిన తీగ

1976 జూన్‌లో నన్ను మదనపల్లెకు సర్వీస్ సూపర్‌వైజరుగా వేశారు. వ్యవసాయ బావులకు పనికొచ్చే డీజిల్ ఇంజన్లు తయారుచేసే కంపెనీ మాది. పేరు ఇక్కడ అవసరం లేదు. ఆ కంపెనీ ఇప్పుడు లేదు కూడా. మెకానికల్ డిప్లొమా చేసి, ఫ్యాక్టరీ టెస్టింగ్ విభాగంలో కొన్నేళ్లు ఉన్న తర్వాత నాకు దొరికిన మొదటి బయటి పోస్టింగు అది. హోదాల వరుసలో సూపర్‌వైజరు మెకానిక్కు పైన, సర్వీస్ ఇంజనీరుకు కింద. డీలరు దుకాణం వెనక గదే నా ఆఫీసు. మదనపల్లె, పుంగనూరు, పలమనేరు, కుప్పం ప్రాంతాలు నా కింద ఉండేవి. కొత్త ఇంజను అమ్ముడైతే వెళ్లి బిగించి, నడిపి చూపించి, రైతు చేత నడిపించి రావాలి. గ్యారంటీ కాలంలో ఫిర్యాదు వస్తే వెళ్లి చూడాలి. ప్రమాదం జరిగితే ఇంజను విప్పి, కారణం తేల్చి పైకి రాయాలి. ఈ చివరి పని నా మదనపల్లె కాలమంతటిలో ఒక్కసారే పడింది. దాని గురించే రాస్తున్నాను.

ఆ రోజుల్లో కరెంటు లైను రాని పల్లెలు చాలా ఉండేవి. రైతులు ఎద్దులతో నీళ్లు తోడే కపిల తోలడం మానేసి ఒక్కొక్కరే డీజిల్ ఇంజనుకు మారుతున్న కాలం. బావులు లోతైనవి, రాతిలో తవ్వినవి. పంపు ఒక లోతు దాటితే నీళ్లను పీల్చలేదు. అందుకని బావి గోడలో సగం దూరాన అరుగులాగా రాతిని తొలిచి, ఇంజనునూ పంపునూ తాళ్లతో దించి అక్కడ కూర్చోబెట్టేవాళ్లం. దిగడానికి గోడలో పొడుచుకొచ్చిన రాతి మెట్లు. అరుగు మీద ఇంజను, దాని పక్కన ఒక మనిషి నిలబడేంత చోటు. అంతకన్నా జాగా చేయించాలంటే ఇంకా రాయి పగలగొట్టాలి. దానికి ఎవరూ ఒప్పుకునేవారు కారు.

పుంగనూరు దాటి లోపలికి పోతే వచ్చే ఒక పల్లెలో గంగులప్ప అనే రైతుకు నేను అలాంటి ఇంజనే బిగించాను. ఊరి పేరు రాయను, వాళ్ల మనుషులు ఇంకా అక్కడ ఉన్నారు. గంగులప్పకు అప్పుడు ముప్పై అయిదు దాటి ఉంటాయి. ఎండిన మనిషి, మెల్లగా మాట్లాడేవాడు. భార్య రెడ్డెమ్మ. ఒక చిన్న కూతురు. తమ్ముడు రమణ పసివాడుగా ఉన్నప్పుడే అమ్మానాన్నలు పోతే, గంగులప్పే పెంచాడు. నేను వెళ్లేనాటికి రమణ ఇరవై ఏళ్లు నిండిన యువకుడు. ఇంజను మీద ఆశ అంతా అతనిదే. ఆ రోజు హ్యాండిలు తిప్పి మొదటిసారి స్టార్టు చేసింది కూడా అతనే. ఇంజను అందుకోగానే పైకి చూసి అన్నను కేకేసి నవ్వాడు.

గంగులప్ప మెట్లు దిగి వచ్చి చాలాసేపు ఇంజనును చూస్తూ నిలబడ్డాడు. తర్వాత పక్కన ఆడుతున్న సన్నని కడ్డీని చూపించి అడిగాడు.

"ఇదేంది సార్, ఈ కడ్డీ ఊరికినే అట్లా ఇట్లా ఆడతాండాది?"

అది లింకు. గవర్నరుకూ ఫ్యూయల్ పంపుకూ నడుమ ఉండే కడ్డీ. సంగతి అర్థం కావాలంటే దాని పని కొంచెం చెప్పాలి.

డీజిల్ ఇంజనులో సిలిండరులోకి ఎంత డీజిలు చిమ్మాలో నిర్ణయించేది ఫ్యూయల్ పంపు. ఆ పంపులో ర్యాక్ అనే పళ్ల కడ్డీ ఉంటుంది. దాన్ని ఒక వైపుకు జరిపితే ప్రతి దెబ్బకూ ఎక్కువ డీజిలు చిమ్ముతుంది. రెండో వైపుకు జరిపితే తక్కువ. చివరిదాకా జరిపితే అసలు చిమ్మదు, ఇంజను ఆగిపోతుంది. ఇంజను తిరుగుతున్నంతసేపూ మనిషి ర్యాక్‌ను చేత్తో పట్టుకుని కూర్చోలేడు కాబట్టి ఆ పని గవర్నరుది. గవర్నరంటే ఇంజనుతో పాటు తిరిగే రెండు ఇనుప గుండ్లు, వాటిని అదుపులో పెట్టే ఒక స్ప్రింగు. వేగం పెరిగితే గుండ్లు బయటికి విచ్చుకుంటాయి. తగ్గితే స్ప్రింగు వాటిని లోపలికి లాగుతుంది. ఆ కదలికను ఒక లివరు అందుకుంటుంది, లివరు నుంచి లింకు ద్వారా అది ర్యాక్‌కు చేరుతుంది. నీళ్ల పంపు మీద బరువు పడి ఇంజను మందగిస్తే ర్యాక్ ఎక్కువ వైపుకు జరుగుతుంది. బరువు పోయి ఇంజను పరుగు తీయబోతే ర్యాక్ తక్కువ వైపుకు వస్తుంది. అందుకే ఆ కడ్డీ ఎప్పుడూ అటూ ఇటూ కొద్దిగా ఆడుతూ ఉంటుంది.

ఇదంతా గంగులప్పకు చెప్పాను. అంతా విని అన్నాడు.

"అంటే తోలేవోడు లేకుండానే ఎద్దు తన పగ్గం తానే పట్టుకోని పోతాండాదన్నమాట."

నేను ఔనన్నాను. రెడ్డెమ్మ పైనుంచి మజ్జిగ చెంబు దించితే ముగ్గురం ఆ అరుగు మీదా మెట్ల మీదా నిలబడే తాగాం. ఆ తర్వాత గ్యారంటీ సర్వీసుకు వెళ్లినప్పుడల్లా ఆ ఇంట్లో సంగటి తినకుండా నన్ను పంపలేదు. అన్నదమ్ములు ఎక్కువ మాట్లాడుకునేవాళ్లు కారు. ఒకరు కాలువకు అడ్డంగా మట్టితో మడవ కడితే ఇంకొకరు చెప్పకుండానే పక్క మడి గట్టు తెంచేవారు. తమ్ముడికి పెళ్లి చేయాలని గంగులప్ప పలమనేరు వైపు సంబంధాలు చూస్తుండేవాడు.

1980 ఎండాకాలం ఆ ప్రాంతానికి చెడ్డకాలం. ముందటేడు వానలు సరిగా పడలేదు. బావుల్లో నీళ్లు అడుక్కు పోయాయి. గంగులప్ప టమాటా పెట్టి ఉన్నాడు, కాయ ముదిరే సమయం. బావిలో పొద్దున కాసేపు ఇంజను ఆడితే నీళ్లు అయిపోయేవి. మళ్లీ ఊరేదాకా ఆగాలి. ఉన్న నీళ్లు కాలువలో ఇంకిపోకుండా దూరపు మడి దాకా పోవాలంటే పారుదల జోరుగా ఉండాలని రమణ అనుకున్నాడు. గవర్నరు స్ప్రింగుకు ఒక నట్టు ఉంటుంది. దాన్ని బిగిస్తే గుండ్లు విచ్చుకోవడానికి ఇంకా ఎక్కువ వేగం కావాలి, అందువల్ల ఇంజను మామూలు కన్నా వేగంగా తిరుగుతుంది. అది ఫ్యాక్టరీలో సరిచేసి పంపేది. ముట్టుకోవద్దని ప్రతి రైతుకూ చెబుతాం. అయినా చాలామంది బిగిస్తారు, రమణ కూడా బిగించాడు. గంగులప్పకు శబ్దంలోనే తేడా తెలిసింది. పొలంలో పదిమంది కూలీల ముందు తమ్ముణ్ణి కసిరాడట. రమణ కూడా ఎదురు మాట్లాడాడట. అన్నదమ్ముల నడుమ అలాంటి మాటలు ఊరు ఎన్నడూ వినలేదు. అందువల్ల అందరికీ గుర్తుండిపోయింది.

ఆ తర్వాత కొద్ది రోజులకే ఒక పొద్దున ఇంజను పట్టు తప్పింది. రమణ దాన్ని స్టార్టు చేసి దూరపు మడికి నీళ్లు తిప్పడానికి పోయాడు. గంగులప్ప బావికి దగ్గర్లో కాలువ సరిచేస్తున్నాడు. ఉన్నట్టుండి ఇంజను మోత పెరిగింది. చూసినవాళ్లు చెప్పిందాన్ని బట్టి, అది మామూలుగా పెరగడం కాదు, అరుస్తున్నట్టు పైకి పైకి పోయింది. బావిలోంచి నల్లటి పొగ. గంగులప్ప చేతిలో పార పడేసి మెట్ల మీదుగా లోపలికి దిగాడు. రమణ అటునుంచి "దిగొద్దన్నా" అని కేకలు పెడుతూ పరుగెత్తుకొచ్చాడు. అతను గట్టు చేరేలోపే ఫ్లైవీలు పగిలింది. ఫ్లైవీలు పోత ఇనుముతో చేసిన బరువైన చక్రం. ఉండవలసిన వేగానికి రెండు మూడు రెట్లు తిరిగితే తన బరువుకు తానే ముక్కలవుతుంది. ఆ ముక్కల్లో ఒకటి గంగులప్పకు తగిలింది. పైకి తెచ్చేసరికే ప్రాణం లేదు.

రెడ్డెమ్మకు ఒక అన్న ఉన్నాడు, నిమ్మనపల్లె దగ్గర ఊరు. మనిషి మంచివాడే గానీ ముక్కోపి. దహనం అయిన మర్నాడే పోలీసులకు ఫిర్యాదు ఇచ్చాడు. రమణ కావాలని స్ప్రింగు బిగించాడని, అన్న వద్దన్నా వినలేదని, భూమి మొత్తం తనకే వస్తుందని చేశాడని అందులో రాయించాడు. పోలీసులు రమణను పిలిపించి అడిగితే, స్ప్రింగు బిగించింది తానేనని వెంటనే ఒప్పుకున్నాడు. ఇంకేమడిగినా జవాబు చెప్పలేదట. ఇంజనును ఎవరూ ముట్టకూడదని కాపలా పెట్టి, కారణం తేల్చడానికి మనిషిని పంపమని మా డీలరుకు కబురు పంపారు. డీలరు నాకు చెప్పాడు. గంగులప్ప పోయిన సంగతి నాకు అప్పుడే తెలిసింది.

నేను వెళ్లేసరికి బావి గట్టున హెడ్ కానిస్టేబుల్, ఊరి పెద్దలు, రెడ్డెమ్మ అన్న ఉన్నారు. రమణ కొంచెం ఎడంగా మోకాళ్ల మీద తల ఆనించి కూర్చున్నాడు. రెడ్డెమ్మ చింతచెట్టు నీడలో కూతుర్ని ఒడిలో పెట్టుకుని ఉంది. నన్ను చూసి లేవబోయి మళ్లీ కూలబడింది. నేను నేరుగా బావిలోకి దిగాను.

ఇలాంటి పరీక్షకు ఒక పద్ధతి ఉంది. మొదట ఏదీ కదపకూడదు. ఏది ఎక్కడ ఉందో, ఎటు తిరిగి ఉందో చూసి గుర్తు పెట్టుకోవాలి. సాక్షికి చూపించాలి. ఆ తర్వాతే స్పానర్ చేతికి తీసుకోవాలి. హెడ్ కానిస్టేబుల్ నాతో పాటు కిందికి దిగి, ఒక్కొక్కటీ చూపిస్తుంటే తల ఊపాడు.

పంపు పీల్పు గొట్టం కొస నీళ్లకు పైన తేలి ఉంది. అంటే నీళ్లు అయిపోయి పంపు గాలి పీల్చింది. గాలి పీల్చిన క్షణాన ఇంజను మీద బరువంతా ఒక్కసారిగా పోతుంది. సరిగ్గా అలాంటి సమయానికే గవర్నరును పెట్టింది. గుండ్లు, లివరు చెడిపోలేదు, తేలిగ్గా ఆడుతున్నాయి. స్ప్రింగు నట్టు బిగించి ఉంది, రమణ చెప్పినట్టే. ఫ్యూయల్ పంపు ర్యాక్ మాత్రం ఎక్కువ డీజిలు వైపు నిలిచిపోయి ఉంది. లింకు ఒక కొస లివరును వదిలేసి కిందికి వేలాడుతోంది. ఆ కొసను లివరుకు పట్టి ఉంచేది స్ప్లిట్ పిన్ అనే అగ్గిపుల్లంత ఉక్కు పిన్ను. అది లేదు. లివరు రంధ్రంలో పిన్నుకు బదులు మెలిపెట్టిన మెత్తటి ఇనుప తీగ ముక్క ఒకటి ఇరుక్కుని ఉంది. రాపిడికి అరిగి తెగిన కొస తళతళలాడుతోంది.

లివరూ లింకూ ఫ్యూయల్ పంపూ విప్పి పైకి తెచ్చి గోనెసంచి మీద పరిచాను.

"స్ప్రింగు బిగించినానని ఆ పిల్లోడే ఒప్పుకున్నాడు కదా సార్. ఇంకేముండాది?" అన్నాడు హెడ్ కానిస్టేబుల్.

"బిగించాడు, నిజమే. బిగిస్తే ఇంజను కొంచెం జోరుగా తిరుగుతుంది. కానీ ఆ జోరు దగ్గర గవర్నరు దాన్ని పట్టుకుంటుంది. ఇక్కడ పట్టుకోలేకపోయింది," అని, రెడ్డెమ్మ అన్నను దగ్గరికి పిలిచాను. లివరును అతని చేతికిచ్చి, లింకు తగిలించి, లాగమన్నాను. లాగాడు. ర్యాక్ కదిలింది. లింకు తీసేసి మళ్లీ లాగమన్నాను. లివరు ఎంత ఊపినా ర్యాక్ కదల్లేదు.

"స్ప్రింగు బిగించినా, వదులు చేసినా, ఈ లింకు ఊడాక ఒకటే. గుండ్లు విచ్చుకున్నాయి, లివరు లాగింది, కానీ దాని చేతిలో ఏమీ లేదు. డీజిలు మాత్రం నిండుగా చిమ్ముతూనే ఉంది. ప్రమాదానికి కారణం లింకు ఊడడం. లింకు ఊడడానికి కారణం ఈ తీగ తెగడం."

అతను లివరును గోనె మీద పెట్టేశాడు. "ఆ తీగ మాత్రం ఇంకెవురు ఏస్తారు? ఇంజను తిప్పేది వాడే కదా," అన్నాడు.

రమణ తల ఎత్తాడు. తీగ వంక చూశాడు.

ఆ తీగ ఎవరు వేశారో అప్పటికి నాకు తెలియదు, తెలుసుకోవడం నా పని కూడా కాదు. హెడ్ కానిస్టేబుల్ రమణను అడగబోతుండగా రెడ్డెమ్మ కూతుర్ని పక్కన కూర్చోబెట్టి లేచి వచ్చింది.

"ఆ తీగ మా ఇంటాయన ఏసింది," అంది.

అందరూ ఆమె వైపు తిరిగారు.

"పిన్ను ఊడి నీళ్లల్లో పడిపోయింది. నేను సద్ది తీసుకోని పొయ్యుంటి, ఆడనే ఉండాను. పుంగనూరికి పొయ్యి కొత్తది తెస్తాలే, అంతదాంక ఇది ఉంటాదిలే అని, కంచె తీగ ముక్క తెంపి మెలేసినాడు. రమణకు తెలవదు. అప్పటికే ఇద్దురికీ మాటల్లేవు."

"ఊరికే ఉండు రెడ్డెమ్మా. ఆ మాటలు ఇప్పుడెందుకు?" అన్నాడు ఆమె అన్న.

"యాల ఊరికే ఉండాల? సచ్చిపొయ్యినోడు ఒకడు సాలదా నీకు?"

అతను తల దించుకున్నాడు. రెడ్డెమ్మ గోనె ముందు కూర్చుని ఆ తీగ ముక్కను చేతిలోకి తీసుకుంది. సాక్ష్యం కాబట్టి హెడ్ కానిస్టేబుల్ ఏదో అనబోయి మానుకున్నాడు. ఆమె నన్ను అడిగింది.

"అంటే ఆయప్ప చేతులార చేసుకున్నట్లే కదా సారూ?"

నాకు తెలిసిన ఇంకొక సంగతి మాత్రం చెప్పాను. డీజిలు ట్యాంకు కింద కాక్ అనే చిన్న కుళాయి ఉంటుంది, అది మూసి ఉంది. నేను దిగినప్పుడే చూశాను. అంత మోతలో, అంత పొగలో గంగులప్ప ఇంజను పక్కకు చేరి, కాక్ పూర్తిగా మూశాడు. ఇంజను ఆపడానికి మేం రైతులకు చెప్పే మొదటి పని అదే. అయితే కాక్ మూసినా ఫిల్టరులో, గొట్టంలో మిగిలి ఉన్న డీజిలు కాసేపు ఇంజనును నడుపుతుంది. ఆ కాసేపట్లోనే చక్రం పగిలింది.

"ఆయన భయపడి నిలబడిపోలేదమ్మా. చేయవలసింది చేశాడు. ఇంజను ఆగేదాకా టైము చాలలేదు," అన్నాను.

అంతవరకూ ఏడవని రెడ్డెమ్మ అప్పుడు ఏడ్చింది. రమణ లేచి వచ్చి ఆమె పక్కన నేల మీద కూర్చున్నాడు. ఆమె అతని తల మీద చెయ్యి వేసింది.

రిపోర్టులో చూసింది చూసినట్టు రాశాను. స్ప్రింగు బిగించిన సంగతి రాశాను, దానివల్ల ప్రమాదం జరగలేదనీ రాశాను. రెడ్డెమ్మ అన్న ఫిర్యాదు వెనక్కి తీసుకున్నాడు. రమణను వదిలేశారు. నా దృష్టిలో పని ముగిసింది.

మళ్లీ ఆ ఊరు వెళ్లింది మరుసటి సంవత్సరం. బావిలో మిగిలిన ఇనుమును తీయించాలని రెడ్డెమ్మ కబురు పంపితే, మనుషుల్ని తీసుకుని వెళ్లాను. రమణ కనబడలేదు. అన్న దివసాలు ముగిసిన కొద్దిరోజులకే చెప్పకుండా వెళ్లిపోయాడని అప్పుడు తెలిసింది. రెడ్డెమ్మ సగం భూమి బీడు పెట్టి, మిగిలిన దాంట్లో వాన మీద ఆధారపడి సెనక్కాయ, అంటే వేరుశనగ వేస్తోంది. కూతుర్ని బడికి పంపుతోంది.

"మీరు నాలుగూళ్లు తిరిగేవోళ్లు సారూ. యాడన్నా కనపడితే రమ్మన్నానని జెప్పండి. వాని భూమి వాడు సేసుకోవాల కదా. నేనేం వాన్ని తప్పు పట్లేదని జెప్పండి," అంది.

చెబుతానన్నాను. మదనపల్లె సంతలో, పుంగనూరు బస్టాండులో అతని ఈడు మనిషి ఎవరైనా కనబడితే ముఖం వంక చూసేవాణ్ణి.

1984లో కుప్పం వైపు నాకు పని పెరిగింది. ఆ ఏడు రామకుప్పం దగ్గర ఒక కూరగాయల తోటలో కొత్త ఇంజను డెమాన్‌స్ట్రేషను పెట్టాం. చుట్టూ జనం మూగారు. నేను హ్యాండిలు తిప్పుతుండగా వెనక వరసలో ఒక మనిషి తలగుడ్డ సర్దుకుని బయటికి నడవడం చూశాను. నడకను బట్టి గుర్తుపట్టాను. ఇంజనును మెకానిక్కుకు అప్పగించి వెళ్తే, పక్క రాగి చేను అంచున కూర్చుని ఉన్నాడు. ఆ చేనుకు కాపలా అతను. అడవి దగ్గర కావడంతో ఏనుగులు వచ్చి చేలు తొక్కేస్తున్నాయి. మంచె మీద పడుకుని, అలికిడి వింటే డబ్బా కొట్టి ఊరిని లేపాలి. మనిషి చిక్కిపోయాడు, గడ్డం పెరిగింది.

"బాగుండారా సార్?" అన్నాడు, నిన్ననే చూసినట్టు.

రెడ్డెమ్మ చెప్పమన్న మాటలన్నీ చెప్పాను. కూతురు బడికి పోతోందని, బావి పూడిపోతోందని, సగం భూమి బీడుగా ఉందని చెప్పాను. విన్నాడు.

"వదినెకు నా మీద కోపం లేదని నాకు తెలుసు సార్. ఉంటే ఆ పొద్దు అంతమందిలో ఆ మాట జెప్పునా?"

"మరి వెళ్లు."

రాగి కంకి ఒకటి తుంచి అరచేతిలో నలుపుతూ కూర్చున్నాడు. తర్వాత అడిగాడు.

"ఒక మాట అడగతా. ఉండేది ఉన్నట్లు జెప్పండి. ఇంజను జోరుగా తిరిగితే ఆ లింకు ఎక్కువ అదరతాది కదా?"

"అదురుతుంది."

"అదిరితే తీగ బిరీన అరగతాది."

"ఔను."

"నేను బిగించకుండా ఉండుంటే, మా యన్న పుంగనూరు పొయ్యి పిన్ను తెచ్చేదాంక ఆ తీగ నిలిచుండునా సార్?"

ఆ తెగిన కొస నాకు బాగా గుర్తుంది. మెత్తటి తీగ. ఎంత వేగానికి ఎన్నాళ్లు నిలిచేదో చెప్పడానికి ఏ లెక్కా లేదు. మామూలు వేగంతోనైనా ఆ రోజే తెగి ఉండవచ్చు. ఇంకో వారం నిలిచినా నిలిచి ఉండవచ్చు.

"తెలియదు రమణా. తెలుసుకునే దారి కూడా లేదు. నిలిచేదో తెగేదో ఎవరూ చెప్పలేరు," అన్నాను.

అతను తల ఊపాడు. "మీరు అబద్ధం జెప్పరని నాకు తెలుసు సార్. అందుకే అడిగినా," అన్నాడు. చేను గట్టున ఉన్న కొట్టంలోకి వెళ్లి నాకు చెంబుతో నీళ్లు తెచ్చిచ్చాడు. డెమాన్‌స్ట్రేషను ముగిసి ఇంజను మోత ఆగిన తర్వాతే, నాతో పాటు రోడ్డు దాకా వచ్చి బస్సు ఎక్కించాడు. ఊరికి వెళ్తానని గానీ వెళ్లనని గానీ అనలేదు.

నేను ఆ వారంలోనే రెడ్డెమ్మ దగ్గరికి వెళ్లి, అతను ఉన్న చోటు చెప్పాను. ఆమె ముఖం విప్పారింది. ఏమన్నాడో అడిగితే, జరిగిన మాటలు ఉన్నవి ఉన్నట్టు చెప్పాను. ఆమె చెరుగుతున్న చేట కింద పెట్టి నన్ను చూసింది.

"నిలిచుండదు అని ఒక్క మాట అనుంటే వచ్చుండును కదప్పా," అంది.

"నాకు తెలియని సంగతి ఎలా చెప్పేదమ్మా?"

"నీకు తెలవదు. వానికీ తెలవదు. తెలవనప్పుడు ఏదో ఒకటి మంచిది జెప్తే ఏం పోతాది?"

ఆమె మళ్లీ చేట తీసుకుని సెనక్కాయలు చెరుగుతూ, మర్నాడే బయల్దేరుతానంది. చెప్పినట్టే కూతుర్ని పక్కింట్లో వదిలి, కుప్పం బస్సెక్కి, అడుగుతూ అడుగుతూ రామకుప్పం వెళ్లింది. ఆ చేను దొరికింది. మనిషి లేడు. నేను వచ్చి వెళ్లిన రెండో రోజే కూలి కూడా పూర్తిగా తీసుకోకుండా హోసూరు వైపు వెళ్లిపోయాడని చేను యజమాని చెప్పాడట. ఆమె ఆ మంచె చూసి, అతను వదిలేసిన కంబళిని వెంట తెచ్చుకుంది. నేను 1988లో బదిలీ మీద వెళ్లేదాకా రమణ ఆ ఊరు రాలేదు. తర్వాత వచ్చాడో లేదో నాకు తెలియదు. ఆ బావికి ఆలోపే కరెంటు మోటారు వచ్చింది. రెడ్డెమ్మ అన్నే దగ్గరుండి బిగింపించి, రమణ వాటా భూమిని కూడా దున్నిస్తూ వచ్చాడు. ఆ వాటా పంట డబ్బును ఆ అన్న తాను ముట్టలేదని విన్నాను.

ఉద్యోగంలో ఈ ప్రమాదం నా పద్ధతిని కొంత మార్చింది. ఆ తర్వాత బావిలో దించిన ప్రతి ఇంజనుకూ, హెడ్డు మీద ఉండే డీకంప్రెషను లివరుకు ఒక తాడు కట్టించి, దాని కొసను గట్టు మీదికి తెప్పించాను. పైనుంచి లాగితే సిలిండరులో ఒత్తిడి నిలవక ఇంజను ఆగుతుంది, ఎవరూ దిగనక్కర్లేదు. పట్టు తప్పిన ఇంజను దగ్గరికి పోవద్దని, పగిలితే పగలనివ్వమని రైతులకు మొదటి రోజే చెప్పేవాణ్ణి. సర్వీసుకు వెళ్లినప్పుడు అందరూ ముందు స్ప్రింగు చూస్తారు. నేను లింకు కొసల్లో పిన్నులు చూసేవాణ్ణి. నా సంచిలో కొత్త పిన్నుల పొట్లం ఎప్పుడూ ఉండేది, అడిగినవాళ్లకు ఇచ్చేవాణ్ణి.

రమణకు నేను చెప్పిన జవాబు గురించి మాత్రం నిర్ణయానికి రాలేకపోయాను. ఇంజను గురించి అది సరైన జవాబే, ఇవాళ అడిగినా అదే చెబుతాను. కారణం తేలితే మనుషులు కుదుటపడతారని ఆ ఉద్యోగంలో చేరినప్పుడు నమ్మేవాణ్ణి. కారణం తేల్చడం నేర్చుకోగలిగిన పని, నేను నేర్చుకున్నాను. అది తేలిన తర్వాత మిగిలేదానికి మా దగ్గర పద్ధతి ఏదీ లేదు.